మామ్మ తిన్న పనీర్ కూర

నిన్న సాయంత్రం జగదల్‌పూర్ హాస్టల్లో నా గది స్నేహితురాలు ఫోన్లో వీడియో పెట్టింది. హోటల్ రుచి పనీర్ కూర ఇంట్లోనే ఎలా చేసుకోవాలో చూపిస్తున్నారు. ఉల్లిపాయలు, టమాటాలు, జీడిపప్పు ఒకే గిన్నెలో ఉడుకుతుంటే నేనూ ఫోన్ మీదికి వంగాను. అలాంటి గిన్నెలోకి మొదటిసారి తొంగిచూసినప్పుడు నాకు పదమూడేళ్లు.

అప్పుడు మేం కిరండూల్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న ఇనుపరాయి మోసే బండ్లకు గార్డు. ఆ రాతి దుమ్ముకి ఊళ్లో తెల్లబట్ట ఆరేస్తే తీసేటప్పటికి ఇటుక రంగు తిరిగేది. అమ్మ విసుక్కోవడం మానేసి, దులిపి మడతపెట్టేది. తాతయ్య పోయాక నాన్న మామ్మను విజయనగరం నుంచి మా దగ్గరికి తీసుకొచ్చాడు. సంవత్సరీకం అయ్యేదాకా నీచు ముట్టనని ఆవిడ ఒట్టు పెట్టుకుంది. ఎండుచేప లేనిదే ముద్ద దిగని మనిషి, కంచం ముందు ఊరికే కూర్చుని లేచిపోయేది. జాకెట్టు భుజాల మీంచి జారిపోతుండేది. ఒకరోజు నాన్న స్టేషన్ రోడ్డు హోటల్ నుంచి పనీర్ కూర తెస్తే, మామ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంది. అమ్మ వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. ఆనాటి నుంచి రోజూ అదే కూర.

ఆ హోటల్ వంటాయన నెల రోజులు ఊరెళ్తున్నాడని, హోటల్ మూసేస్తారని తెలిసి అమ్మకు దిగులు పట్టుకుంది. హిందీ బాగా వచ్చింది నాకే కాబట్టి, ఎలా చేస్తాడో రాసుకురమ్మంది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు బెరుకు. డైరీ గుండెకు అదుముకుని హోటల్ వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయనే లోపలికి పిలిచి, ఒక్కొక్కటీ చెప్పి రాయించి, చివర్లో పెద్ద గిన్నె మూత తీశాడు. ఎర్రటి గ్రేవీలో కోడి మెడలు, ఎముకలు పొర్లుతున్నాయి.

"ఇది చికెన్‌కి కదా, భయ్యా?" అన్నాను.

"సబ్ కా ఏక్ హీ గ్రేవీ, బిటియా. పనీర్ హో యా ముర్గా. స్వాద్ తో హడ్డీ మే హై" అని నవ్వాడు. అన్నిటికీ అదే గ్రేవీ, రుచంతా ఎముకల్లోనే ఉందట. నా పెన్ను అక్కడే ఆగిపోయింది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ వంటింటి గడప మీద కూర్చుండిపోయింది. "మామ్మకు చెప్పకు" అంది. ఎముకలు తప్ప అన్నీ వేసి తనే కూర చేసింది. మామ్మ ఒక్క ముద్ద తిని కంచం పక్కకు నెట్టింది. "ఇది కాదే. దాన్లో ఏదో ఉండీది." మూడు రోజులూ అదే మాట, అదే ఖాళీ కడుపు. నాలుగోరోజు అమ్మ కోడి ఎముకలు తెప్పించింది. నీళ్లు మరుగుతున్నాయి. ఎముకలు చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత వాటిని పెరట్లో కుక్కలకు విసిరేసి, చెయ్యి కడుక్కుని, తిన్నగా వెళ్లి మామ్మకు అంతా చెప్పేసింది.

మామ్మ దిగ్గున లేచి నిలబడింది.

"ఓలమ్మో! మీ మావకి నానేటని సెప్పుకోనే?"

"తెలీక జరిగింది అత్తా, తప్పు మాది" అంది అమ్మ.

మామ్మ, గుమ్మంలో ఉన్న నాన్న వైపు తిరిగింది. "నువ్వేటి గార్డువిరా? మైలు పొడుగు బండికి పెట్టెలన్నీ లెక్కెడతావు, కూరలో ఎముక కనబడనేదా?"

తాతయ్య పోయాక ఆవిడ గొంతు పెంచడం అదే మొదలు. నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. మామ్మ అరిచి అరిచి, గొంతు బొంగురుపోయాక, "ఆకలేస్తంది. ఏటుందే?" అంది.

"చారు, అత్తా."

"కంచంలో ఎట్టు."

ముద్దకో తిట్టు తిడుతూ కంచం ఖాళీ చేసింది. మర్నాడూ తింది. ఒట్టు మాత్రం మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టుకుంది. తాతయ్య సంవత్సరీకం అయిపోయి ఇంటిల్లిపాదీ చేపల పులుసు తింటున్నా, తనకింకా రోజులున్నాయంటూ చారన్నమే తింది. మొండితనం అనుకున్నాను అప్పట్లో. మనిషి పోయిన రోజు అందరికీ తెలుస్తుంది గానీ, మిగిలినవాళ్లకు ఆ ఏడాది ఏ రోజున మొదలవుతుందో కేలండరు చెప్పదు.