నిండుకున్న బియ్యం

తిరుపతి బస్టాండు దగ్గర ఒక సందులో నాది టిఫిన్ కొట్టు. పండగైనా పబ్బమైనా తెరిచే ఉంటుంది. అలాంటిది తుఫాను పోయిన నెలకు ఒక బుధవారం కొట్టుకు తాళం వేసి, బియ్యం మూట చంకన పెట్టుకుని బయల్దేరానంటే దానికి కారణం మా పెద్దమ్మ. నగరి అవతల ఏటి ఒడ్డున ఒక నేత ఊళ్ళో ఉంటుంది. ఎన్నడూ ఊరు దాటని మనిషి, ఆ వారం అందరి ఫోన్లలోనూ తిరిగింది.

వీడియోలో ఎవరో కుర్రాళ్ళు "ఇంట్లో బియ్యముండాయా అవ్వా?" అని అడుగుతారు. పెద్దమ్మ నవ్వు మొహంతో "నిండుకోనుండాయి నాయనా" అంటుంది. అంతే, అయిపోయింది. కింద ఇంతింత అక్షరాలతో, ఇంటింటా నిండుగా బియ్యం, వరద సాయం అందరికీ అందింది అని రాశారు. మా అమ్మాయి అది చూసి, "పెద్దవ్వకు బాగానే ఇచ్చారే" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇంటర్ చదివే పిల్లకు నిండుకోవడమంటే అయిపోవడమని తెలియదు! ఇంట్లో బియ్యం లేవు అనకూడదని, అంటే ఆ మాటే నిజమై కూర్చుంటుందని మన ఇళ్ళల్లో అలా తిప్పి చెబుతారు. దీపం ఆరిందనకుండా కొండెక్కింది అన్నట్టే ఇదీ. పెద్దమ్మ ఇంట్లో తినడానికి గింజ లేదని ఆ వీడియోలో చెబుతోంది. లోకం దాన్ని కడుపు నిండిన మాటగా వింటోంది.

పొద్దున ఏడు గంటల నగరి బస్సు దొరికింది. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే చాలు, టికెట్ డబ్బులు లేవు. బియ్యం మూటకు మాత్రం కండక్టరు కాసేపు గొణిగాడు. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చున్నాను. రేణిగుంట దాటాక చేలన్నీ బురద. వరి పడిపోయి మట్టి రంగుకు తిరిగింది. వడమాలపేట దగ్గర ఒక కల్వర్టు కొట్టుకుపోయి, బస్సు పక్కనున్న మట్టి దారిలోకి దిగి ఊగుతూ పోయింది.

ముందు సీట్లో ఇద్దరు మగవాళ్ళు సాయం గురించి మొదలుపెట్టారు. ఒకాయన అంతా ఇచ్చారంటాడు. రెండో ఆయన చిల్లిగవ్వ రాలేదంటాడు. మొదటాయన ఫోను తీసి మా పెద్దమ్మను చూపించాడు. రెండో ఆయన తన ఫోనులో ఇంకో వీడియో చూపించాడు. అందులో ఒక ముసలావిడ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, "నీళ్ళు తప్ప ఏమీ రాలేదప్పా" అంటోంది. నేను మెడ సాచి చూస్తే ఆమె కూడా మా పెద్దమ్మే. ఇద్దరూ ఒకరి వీడియో దొంగదని ఒకరు తిట్టుకున్నారు. ఇద్దరిలో ఒక్కరైనా మనిషి మొహం చూడలేదు. నేను ఆగలేక, "రెండూ ఒకే మనిషయ్యా, ఆమె మా పెద్దమ్మ" అన్నాను. ఇద్దరూ నా వైపు తిరిగి, అయితే ఏది నిజమో చెప్పమన్నారు. చెప్పబోయేలోగా పుత్తూరు వచ్చింది, ఇద్దరూ దిగిపోయారు.

నగరిలో దిగేసరికి తొమ్మిదవుతోంది. ఊరి మీది ముక్కులాంటి కొండ మొన మబ్బులోనే ఉంది. బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను, మా కొట్టు ఇడ్లీయే మేలు. అక్కడి నుంచి షేర్ ఆటో. ఎవరైనా ఆ వైపు పోయేవాళ్ళుంటే మధ్యాహ్నంలోపే ఆటో ఎక్కండి, తర్వాత మనుషులు నిండేదాకా కదలరు.

పెద్దమ్మ వీధిలో అడుగు పెట్టాను. మగ్గాల చప్పుడు లేదు. గోడల మీద నడుం ఎత్తున నీటి గీత. ఆ ఇళ్ళల్లో మగ్గం నేలలో తవ్విన గుంతలో ఉంటుంది, నేసేవాళ్ళు కాళ్ళు గుంతలో పెట్టి కూర్చుంటారు. ఏరు వచ్చి ముందు ఆ గుంతల్లోనే దూరింది. పెద్దమ్మ ఒక్కతే తన గుంతలోంచి తట్టతో బురద ఎత్తుతోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని, "ఏందమ్మీ, సెప్పకుండా వచ్చినావు" అంటూ ఇన్ని బొరుగులు పెట్టింది. ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టలేక తల దించుకుని కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

రెండు వీడియోల సంగతీ అడిగాను. నీళ్ళలో తీసింది తుఫాను మరునాటిదట. అప్పటికి నిజంగానే ఎవరూ రాలేదు. తర్వాత ప్రభుత్వం వాళ్ళు బియ్యం, నూనె ఇచ్చి పోయారు. అవి అయిపోయాక, దీపాల వేళ ఇంకో జట్టు పిల్లలు వచ్చారు. "అప్పుడే దీపం ముట్టించినా అమ్మీ. దీపమెలగతా ఉంటే లేవని యాడ అనేది?" అంది.

బియ్యం కంటే పెద్ద కష్టం ఇంకోటి ఉంది. కూలికి నేయించుకునే షావుకారు కొత్త నూలు ఇచ్చాడు. నేతకు ముందు ఆ నూలును వీధి పొడవునా నిలువు పోగులుగా, అంటే పడుగుగా సాచి, బియ్యం గంజి పెట్టి ఆరబెట్టాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, వీధి వీధంతా చేయి వేయాలి. ఇవాళ మీ పడుగు, రేపు మా పడుగు. పెద్దమ్మ ఇంటింటికీ పోయి పిలిచి వచ్చింది. ఒక్కరూ రాలేదు. ఆ వీడియో తర్వాత వీధికి రావలసిన రెండో విడత బియ్యం ఆగిపోయాయి. మండలాఫీసుకు పోయి అడిగితే, నిండుగా ఉన్నాయని మీవాళ్ళే చెప్పారు కదా అన్నారట. అప్పటి నుంచి పెద్దమ్మతో ఎవరికీ మాటల్లేవు. పడుగు పట్టకపోతే షావుకారు నూలు వెనక్కి తీసుకుంటాడు. మగ్గం లేకపోతే ఆమెకు ఇంకో బతుకు తెలియదు.

ఎదురింటి సరోజక్క దగ్గరికి పోయాను. చిన్నప్పుడు ఈ వీధిలో నాకు జడలు వేసిన మనిషి. నిండుకోవడమంటే ఏమిటో ఆమెకు అర్థం చెప్పబోయాను.

"మాకు తెలీదా? మేమూ అట్లనే అంటాం" అంది సరోజక్క. "ఆపీసులో అరిసేదానికి పోతే తలుపేసుకున్నారు. మీ పెద్దమ్మ తలుపు తెరిసే ఉండాది. కోపం యాడ సూపించాల మేము?"

నాకా నోరూ ఊరుకోదు, బుర్రా ఊరుకోదు. పెద్దమ్మ చేత ఉన్నది ఉన్నట్టు చెప్పించి, ఆ వీడియో వీధి వాళ్ళ గ్రూపులో పెడదామనుకున్నాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. ఆ మాట ఇంట్లో అనకూడదు అంది. అయితే వీధిలో నిలబడి అను అన్నాను. పెద్దమ్మ లేచి మొహం కడుక్కుంది. వచ్చినప్పుడు గుమ్మం పక్కన దించిన మూటను నేను లోపలికి తెస్తుంటే గడప దగ్గర ఆపింది.

"బయటనే ఉండనీ. లోపలికొస్తే నేను లేవని సెప్పేది అబద్ధమవతాది."

మూట అరుగు మీద పెట్టాను. పడుగు సాచవలసిన చోట, వీధి నడుమ పెద్దమ్మ నిలబడింది. కొంగు నిండుగా కప్పుకుంది. నేను ఫోను పట్టుకున్నాను.

"గవర్మెంటోళ్ళు బియ్యమిచ్చినారు. ఇచ్చింది ఇయ్యలేదనను. తినేసినాం. ఇప్పుడు మా ఇంట్లో బియ్యం..." అని ఆగింది. కళ్ళు మూసుకుని, "లేవు" అంది. అని వెంటనే రెండు చెంపలూ వేసుకుంది. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, పుట్టి ఆ మాట అనడం అదే మొదలు. సరోజక్క గుమ్మంలో నిలబడి అంతా విని లోపలికి పోయింది. మిగతా తలుపులు తెరుచుకోలేదు.

వీడియో గ్రూపులో పెట్టి, పెద్దమ్మతో కలిసి వండుకుని తిని, సాయంత్రం ఏకాంబరకుప్పం స్టేషన్లో తిరుపతి ప్యాసింజరు ఎక్కాను. రైలు సగం ఖాళీగా ఉంది. పుత్తూరు దాటకముందే మా అమ్మాయి రెండు వీడియోలు పంపింది. ఒకదాంట్లో పెద్దమ్మ "ఇప్పుడు మా ఇంట్లో బియ్యం లేవు" అని మాత్రమే అంటోంది, ఇచ్చారన్న ముక్క కోసేశారు. కింద, గింజ కూడా ఇవ్వని ప్రభుత్వం అని రాశారు. రెండోదాంట్లో మాట మొత్తం ఉంది. కానీ పెద్దమ్మ వెనక అరుగు మీదున్న మూట చుట్టూ ఎర్ర గీత గీశారు. గుమ్మం ముందు మూట, నోట్లో మాత్రం లేవు అట. ఆ మూట నాది. అబద్ధం అవుతుందని ఆమె బయట పెట్టించిన మూట.

తుఫాను తర్వాత ఎవరు ఎంత ఇచ్చారో తేల్చుకోవడానికి ఆ ఊరు పోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. పోండి. కానీ ఫోను సంచీలోంచి తీయకండి. ముందు ఆ గుంతల్లో బురద ఎత్తడానికి ఒక చేయి వేయండి. నేను ఆ పని చేయలేదు.

రేణిగుంట సిగ్నల్ దగ్గర రైలు ఆగినప్పుడు పెద్దమ్మ ఫోన్ చేసింది. గొంతులో ఎన్నాళ్ళుగానో లేని హుషారు ఉంది.

"నీ బియ్యం కుండలో పోసినానమ్మీ. ఈ తూరి నిజంగానే నిండినాయి. రేపటికి పడుగు గంజి కూడా కాంచి పెట్టినా. ఈదిలో అందరూ సూసినారంట కదా, తెల్లారి వస్తారు కదా?"

వాళ్ళు చూసింది ఆ ఎర్ర గీత వీడియో అయితే ఒక్కరూ రారు. గంజి ఒక పూట ఆగితే పులుస్తుంది. టిఫిన్ కొట్టు నడిపేదాన్ని, నాకు తెలియదా! రారు అని చెబితే ఆ గంజినైనా తాగి పడుకుంటుంది. నోరు తెరిచాను. అంటే ఆ మాటే నిజమై కూర్చుంటుంది.

"వస్తారు పెద్దమ్మా" అన్నాను.