బిరెజెల్లి దొర

డైరీలో తప్ప ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు: నేను జీవితంలో మొదటిసారి ఎదురు మాట్లాడింది ఒక బ్రెజిల్ నవల కోసం. ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, రామన్నపేట దగ్గర మా ఊరి నుంచి కాలేజీకి బస్సులో పోయొచ్చేదాన్ని. హాజరు పిలిస్తే పలకడానికి కూడా నాకు గొంతు వచ్చేది కాదు (నా బదులు పక్కమ్మాయి పలికేది). లైబ్రరీలో దొరికిన ఆ పాత నవల తెలుగు అనువాదంలో ఒక భూస్వామి, ఆయన సౌధం, చట్టం వచ్చాక విడుదలైన బానిసలు ఉన్నారు. దేశం మీదేనన్నారు సరే, మరి మా భూమి ఏదని అడుగుతారు వాళ్లు. సాయంత్రాలు కందికాయ ఒలిచే మా అవ్వకు దాన్ని చదివి వినిపించేదాన్ని. అవ్వ చిన్నప్పుడు ఊరి దొర ఉండే కోటలాంటి గడిలో వెట్టి చేసిన మనిషి. 'భూస్వామి' అంటే ఆమెలో కదలిక లేదు. 'దొర' అని మార్చి చదివాను, చేతిలో కాయ ఆగిపోయింది.

"గీ బిరెజెల్లి ఎటు దిక్కే? దేవరకొండ దాటినంకనా?"

"సముద్రం దాటినంక, అవ్వా."

"గక్కడ గూడ దొరలున్నరా?"

"ఉన్నరు."

"గట్లయితె మన దిక్కే."

ఆ నెలలోనే కాలేజీలో పుస్తక పరిచయం పోటీ పెట్టారు. గెలిస్తే నల్లగొండలో జిల్లా పోటీకి పంపుతారు. పోవాలని నాకెంత ఆశో డైరీకే తెలుసు. తీరా లేచి నిలబడగానే నా నోట వచ్చిన మొదటి మాట, "బిరెజెల్లిల ఒక దొర ఉండె, ఆయనకో గడి ఉండె." క్లాసంతా గొల్లుమంది. మా తెలుగు సారు (మేం 'సంధి సారు' అనేవాళ్లం) నవ్వలేదు, పాపం. "బ్రెజిల్ అనమ్మా. దొర కాదు, భూస్వామి. గడి కాదు, సౌధం. మంచి తెలుగులో చెప్పు, నల్లగొండకు నిన్నే పంపిస్తాను" అన్నారు.

'సౌధం' అని మనసులో అనుకుని చూశాను. దాని ముందు మా అవ్వ ఊడ్చిన వాకిలి కనిపించలేదు.

"బ్రెజిల్ అంట సార్, అది నా తప్పే. దొరను మాత్రం దొరనే అంట. గడిని గడే అంట."

"అట్లయితే నల్లగొండ లేదు."

"లేకుంటే లేకపాయె సార్."

అని ఊరుకోలేదు, కథ మొత్తం చెప్పాను. బెల్లు కొట్టినా ఆపలేదు. నేను మాట్లాడటమే ఎవరూ చూసి ఉండలేదు గనుక, నన్ను ఆపడమెలాగో ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు షాద్‌నగర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అవ్వ లేదు. మీటింగుల్లో ఇప్పటికీ నా మాట చీటీ మీద రాసి పక్కావిడను చదవమంటాను, అప్పుడు ఆ పొగరుబోతు పిల్లను తలచుకుని నాలో నేనే నవ్వుకుంటాను. ఆ సాయంత్రం నల్లగొండకు పంపట్లేదని చెప్తే, అవ్వ ఒళ్లోని పొట్టు దులుపుకుని లేచి అంది:

"పోనియ్యి బిడ్డా, నల్లగొండ ఎవనిక్కావాలె. మనం సీదా బిరెజెల్లికే పోదాం. బస్సు ఎన్నిటికున్నదో అడుగు."