చచ్చిన బస్సుకు ప్రాణం పోశాను

అసూయ మనిషి చేత ఏమేం చేయిస్తుందో తెలుసుకోవడానికి పురాణాలు తిరగేయక్కర్లేదు. మండపేట బస్టాండులో నా పేరు చెప్పండి. నలభైమంది ఒకేసారి తిట్టి మరీ వివరిస్తారు.

అప్పట్లో నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు బస్సుల ఆఫీసులో టైమింగులు చూసే గుమాస్తాను. పదకొండేళ్ళు ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలన్నా నా నోటి మాటే వేదం. అలాంటి చోటికి సునీతగారు లాప్‌టాప్ పట్టుకుని దిగారు. మా బస్సుల వేళలు జనం ఫోన్లలో కనిపించేలా చేయడం ఆవిడ పని.

వచ్చిన వారానికే ఆవిడ "హెడ్‌వే" అన్నారు. ఒక బస్సు వెళ్ళాక ఇంకో బస్సు రావడానికి పట్టే సమయమట. మా ఓనరు వీరభద్రంగారు ఆ మాటని వేడి పకోడీలా నమిలారు.

"సూర్యనారాయణా, మన పాలకొల్లు బస్సుల హెడ్‌వే ఎంతయ్యా?"

"అరగంటకో బస్సండి."

"అదేనయ్యా హెడ్‌వే! ఆవిడ చూడు, ఒక్క ముక్కలో తేల్చేసింది."

అరగంటకో బస్సని పదకొండేళ్ళుగా మొత్తుకుంటున్నది నేను! నా కడుపులో ఆవకాయ జాడీ భళ్ళున పగిలింది. ఆ రోజు నుంచి ఆవిడ తప్పు కోసం చేలో కొంగలా ఒంటికాలి మీద కాచుకున్నాను.

కార్తీకమాసంలో ఒక శనివారం ఆవిడ సెలవు పెట్టి, "అవసరమైతే చూడండి" అని ఆ వేళల పట్టిక పాస్‌వర్డ్ నాకిచ్చి వెళ్ళారు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. పాస్‌వర్డ్ వస్తే ఊరుకుంటాడా?

తెరిచి చూద్దును కదా, ఒక వరుసలో ఇలా ఉంది: "మండపేట నుంచి రావులపాలెం, ఉదయం అయిదూ ఇరవై. డెడ్ ట్రిప్. జనానికి చూపించకూడదు."

డెడ్డా? బంగారంలాంటి బస్సుని చంపేసి, పైగా శవాన్ని దాచేస్తుందా! ఆ మాట చెరిపేశాను. రావులపాలెంలో మొదలయ్యే పాలకొల్లు ట్రిప్పుకి దాన్ని అతికించి, జనానికి చూపించేశాను. వెంటనే ఓనరుగారికి ఫోన్ చేశాను.

"సోమవారం నుంచి మండపేటలో పొద్దున్నే పాలకొల్లు బస్సండి. ఆవిడ దాచేస్తే నేను బయటికి లాగానండి!"

"శభాష్! మా అత్తగారు మండపేటలోనే ఉన్నారయ్యా. పాలకొల్లు గుడికెళ్తానని ఒకటే పోరు. ఇప్పుడే చెప్తాను."

నా ఘనత కళ్ళారా చూసుకోవాలని సోమవారం తెల్లారేసరికి నేనే మండపేటలో నిలబడ్డాను. నలభైమంది భక్తులు, ముందు వరసలో కొబ్బరికాయల బుట్టతో అత్తగారు. బస్సు వచ్చింది. లోపల ఒక్కరూ లేరు. అద్దానికి "ఖాళీ బండి" అని అట్ట. ఆగకుండా పోతుంటే అత్తగారు రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు.

"ఆపరా! ఇది మా అల్లుడి బస్సు!"

డ్రైవరు సత్తిబాబు తల బయటపెట్టాడు. "ఎక్కకూడదండి. ఇది డెడ్ బండండి!"

"కార్తీక సోమవారం పూట ఆ చావు మాటలేంట్రా?"

"నా మాట కాదండి, ఆఫీసు మాటండి. ఇక్కడి గ్యారేజీ నుంచి రావులపాలెం దాకా ఖాళీగా వెళ్ళడాన్నే డెడ్ ట్రిప్ అంటారండి. కండక్టరు కూడా అక్కడే ఎక్కుతాడండి."

బండి రావులపాలేనికి ఎక్కణ్ణుంచి వస్తుందో పదకొండేళ్ళలో నేనెప్పుడూ అడిగిన పాపాన పోలేదు. మెల్లగా స్తంభం చాటుకి జరిగాను.

"అరుగో, సూర్యనారాయణగారు! ఆయన్నడగండి!" అని కేకేశాడు సత్తిబాబు.

నలభై తలలు తిరిగాయి. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు గానీ, నేను ఊరందరికీ సరిపడా తీశాను. చివరికి సత్తిబాబు అందర్నీ ఎక్కించుకున్నాడు, నన్ను తప్ప.

ఆఫీసులో ఓనరుగారు నిప్పులు కక్కారు. "మా అత్తగారిని రోడ్డు మీద నిలబెడతావా?" ఇంతలో సునీతగారు లేచారు.

"తప్పు నాదేనండి. డెడ్ ట్రిప్ అంటే ఏంటో పక్కన రాసుండాల్సిందండి."

ఓనరుగారి మొహం వెన్నలా కరిగింది. "చూశావా సూర్యనారాయణా! తప్పు ఒప్పుకోవడమంటే అదీ. నేర్చుకో!"

అయ్యా, మీరే చెప్పండి. కష్టపడి తప్పు చేసింది నేను, తిట్లు తిన్నది నేను. మెప్పు మాత్రం ఆవిడకా?

అందుకే ఆ రోజే గోదారిలో మూడు మునకలేసి ఒట్టు పెట్టుకున్నాను: ఇక నా జన్మలో నా తప్పుని ఇంకొకర్ని ఒప్పుకోనివ్వను!