లాస్య ముక్కుకి సరిపోయే అద్దాలు: మదీనాగూడ నుంచి గచ్చిబౌలి దాకా ఒక ఆదివారం

నా బ్లాగు చదివేవాళ్లకి తెలుసు, నేను రాసేవన్నీ రాత్రంతా రైల్లో కూర్చుని వెళ్లే ఊళ్ల గురించే. ఈసారి వెళ్లింది మా ఇంటికి పదిహేను కిలోమీటర్లు కూడా లేని చోటికి. ఆదివారం ఉదయం పదింటికి మదీనాగూడలో బస్సెక్కి, సాయంత్రం ఐదింటికి గచ్చిబౌలి స్టేడియం చేరుకున్నాం. మధ్యలో చేసింది ఒకటే పని. మా ఎనిమిదేళ్ల లాస్యకి ఎండ నుంచి కాపాడే కళ్లద్దాలు వెతకడం. ఇదీ ఒక ప్రయాణమేనా అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఏప్రిల్ ఎండలో పిల్లని వెంటేసుకుని ఇదే పని మీద బయల్దేరబోయే తల్లులకి మాత్రం ఒక పూట కలిసొస్తుందని రాస్తున్నాను.

లాస్యకి కళ్ల ఎలర్జీ ఉంది. ఎండలు ముదరగానే కళ్లు ఎర్రబడతాయి, దురద, నీరు, వెలుతురు చూడలేదు. చుక్కల మందు వేస్తున్నాం. బయటికి తీసుకెళ్తే టోపీ, మంచి అద్దాలు తప్పనిసరి అనీ, చాలామంది పిల్లల్లో ఇది పెద్దయ్యాక తగ్గిపోతుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ చివరి మాట మా ఇంట్లో అందరూ గట్టిగా పట్టుకున్నారు. ఫలితం ఏమిటంటే మూడు వేసవులుగా మా పిల్ల కర్టెన్లు వేసిన గదిలోనే ఉంది. ఈ ఏడు పరుగు నేర్చుకుంటానని అదే అడిగింది. గచ్చిబౌలి స్టేడియంలో శిక్షణ శిబిరంలో చేర్పించాను. శనివారం కోచ్ గారు నన్ను పక్కకి పిలిచారు. “మేడం, పిల్ల మంచిగ ఉరుకుతది. గని మలుపు కాడ ఎండ మొఖం మీద పడంగనే కండ్లు మూసుకుంటది. ఇయ్యాల పక్క పిల్లను గుద్దింది. రేపు సాయంత్రం ఐదింటికి బ్యాచ్ పేర్లు ఖాయం చేస్త. సక్కటి అద్దాలు పెట్టి తీస్కరాండ్రి, ఉరికించి చూస్త. లేకుంటే జర పెద్దగయినంక చూద్దాం.” ఆయన తప్పేం లేదు, ఆ పక్క పిల్లకి మోకాలు చీరుకుపోయింది మరి. కానీ ఆ “పెద్దగయినంక” విని నాకు ఒళ్లు మండిపోయింది. రేపు ఐదింటిలోగా తాడో పేడో తేల్చుకోవాలనుకున్నాను.

ఆదివారం గుమ్మం దాటుతుంటే మా అత్తగారు అడ్డం వచ్చింది. ఆవిడది తెల్లాపూర్, మనసులో ఏదీ దాచుకోదు. “ఇంత ఎండల పిల్లను ఏడ తిప్పుతవ్ బిడ్డా? పెద్దగైతే అదే పోతదని డాక్టరమ్మ చెప్పలేదా? ఊకె ఫికర్ చేస్తవ్.”

“పోయేదాకా పిల్ల చీకట్లో కూర్చోవాలా అత్తయ్యా?”

“నువ్వు పట్టు పడితే యముడొచ్చి చెప్పినా ఇనవు. నీళ్ల సీసా అన్న పట్టుకపో,” అని తనే తెచ్చి సంచిలో పెట్టింది. మా వీధి చివర కళ్లద్దాల కొట్టు ఆదివారం పదకొండు దాటితేగానీ తెరవదు, అందుకని దాని కోసం ఆగలేదు. ముంబై హైవే మీద కొండాపూర్ వైపు వెళ్లే బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి జీరో టికెట్ కదా, ఇద్దరికీ పైసా ఖర్చు లేకుండా అరగంటలో కొత్తగూడ కూడలిలో దిగాం. కార్డు మర్చిపోకండి, కండక్టరమ్మ మొహమాటపడదు.

కొత్తగూడలో రోడ్డు పక్కన పెద్ద గొడుగు కింద టోపీలు, అద్దాలు వేలాడుతున్నాయి. లాస్య చూపు గులాబీ రంగు గుండె ఆకారం జత మీద పడింది. నూట యాభై. “తీస్కో అమ్మా, ఫుల్ బ్లాక్. ఎండ అస్సల్ రాదు,” అన్నాడు అమ్మే అతను. మనందరం చేసే పొరపాటు ఇక్కడే ఉంది. చలువ అద్దాలంటే ఎంత నల్లగా ఉంటే అంత మంచివనుకుంటాం. నలుపు వెలుతురుని తగ్గిస్తుందంతే. కంటికి హాని చేసే అతినీలలోహిత కిరణాలని, అదే యూవీ అంటారే, వాటిని ఆపే గుణం వేరు. అది లేని నల్లద్దం పెడితే, చీకటిగా ఉందని కంటిపాప ఇంకా పెద్దగా తెరుచుకుంటుంది, ఆ కిరణాలు దర్జాగా లోపలికి పోతాయి. పెట్టకపోవడమే నయం. “ఇందులో యూవీ రక్షణ ఉందా బాబూ?” అని అడిగాను. “స్టిక్కర్ చూడమ్మా, యూవీ నాలుగు వందలు అని రాసుంది.” చూశాను. పక్కన అద్దం ఊడిపోయిన ఖాళీ ఫ్రేముకి కూడా అదే స్టిక్కరు ఉంది. అతనికే చూపిస్తే అతనే పకపకా నవ్వాడు. లాస్య మూతి ముడుచుకుంది గానీ నడిచింది.

అక్కడి నుంచి హైటెక్ సిటీ వైపు ఒక మాల్‌కి ఆటో మాట్లాడాను, నూట ఇరవై. పదకొండు దాటింది. ఐటీ ఆఫీసుల మధ్య రోడ్డెక్కగానే లాస్య నా చున్నీలో మొహం దాచేసుకుంది. ఆటో ఆయన అద్దంలోంచి చూసి బండి పక్కకి ఆపాడు. “పాపకు కండ్లు మంటనా అమ్మా? జర ఆగు,” అని పక్కన చుట్టి పెట్టిన రెక్సిన్ పరదా దించి తాడు కట్టాడు. “ఈ అద్దాల బిల్డింగులతోని ఎండ ఒక్క దిక్కు నుంచి కాదమ్మా, నాలుగు దిక్కుల నుంచి కొడ్తది. పొద్దంత నడిపేటోళ్లం, మాకే పరేషాన్ ఉంటది.” ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. ఎదురుగా కప్పితే చాలదు, పక్కల నుంచి కూడా మూసే రకం కావాలని అప్పుడే అనుకున్నాను.

మాల్‌లో కొట్టు చల్లగా, గుడిలా నిశ్శబ్దంగా ఉంది. మూడువేల ఎనిమిది వందల జత తీసి, చిన్న టార్చితో నీలం వెలుతురు వేసి చూపించాడు అక్కడి కుర్రాడు. “చూడండి మేడం, లైట్ పాస్ అవ్వట్లేదు. ఫుల్ ప్రొటెక్షన్.” ఎంతో నమ్మకంగా చెప్పాడు పాపం. “అది కంటికి కనపడే నీలం వెలుతురు నాన్నా. నేనడిగేది కనపడని కిరణాల సంగతి. అది కొలిచే మిషన్ ఉందా?” అన్నాను. హెడ్డాఫీసులో ఉంటుందట. “పిల్ల హెడ్డాఫీసుకి వెళ్లి పరిగెత్తదు కదా,” అని లేచాను. లాస్య కిసుక్కున నవ్వింది. ధర ఎక్కువైతే మంచిదనుకునే రోజులు పోయాయి. అడిగిన దానికి జవాబు లేని చోట ఒక్క రూపాయైనా దండగే.

మళ్లీ ఆటో, ఈసారి గచ్చిబౌలికి, నూట యాభై. స్టేడియం దగ్గరి ఒక సందులో పాతకాలపు కళ్లద్దాల కొట్టు కనిపించింది. యజమాని యాభై దాటిన మనిషి, మాట తీరులో గోదావరి యాస పలికింది. వెళ్తూనే యూవీ కొలిచే మిషన్ ఉందా అని అడిగాను. “మిషనాండీ? ఇదిగోండి, మీరే చూసుకోండి,” అని గల్లా పక్కనున్న డబ్బాలాంటి దాన్ని ముందుకి జరిపాడు. అద్దం అందులో పెడితే ఎంత యూవీ దాటిపోతోందో అంకె వస్తుంది. ఊదారంగు జత పెట్టాం, సున్నా. అద్దం పాలీకార్బొనేటు, కిందపడినా పెంకులై కంట్లో గుచ్చుకోదు. లాస్యకి రంగు నచ్చింది, నాకు అంకె నచ్చింది. మొహానికి పెడితే కాస్త వెడల్పుగా ఉంది. “పెరిగే పాప కదండీ, ఒక సైజు పెద్దదే తీస్కోండి. రెండేళ్లు నిక్షేపంలా వస్తుంది,” అన్నాడాయన. ఆయన తానా అంటే నేను తందానా అన్నాను. ఎందుకనను? యూనిఫారం అంచు రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టించేదాన్ని, బూటు ముందు దూది కుక్కి తొడిగించేదాన్ని. పన్నెండు వందల యాభై ఇచ్చి, యుద్ధం గెలిచినట్టు బయటికొచ్చాను.

ఒంటిగంటన్నర. దగ్గర్లోని మెస్‌లో నూట నలభైకి భోజనం, పప్పుచారు బాగుంటుంది. రద్దీగా ఉండటంతో మా బల్ల దగ్గరే ఇంకొకావిడ కూర్చుంది. లాస్య అద్దాలు తీసి ముద్ద కలుపుతుంటే ఆవిడ ఆ ఎర్రటి కళ్లు చూసి, పళ్లెం చటుక్కున తన వైపు లాక్కుంది. “కళ్లకలకా అండీ? ఇలా బయటికి తీసుకొస్తే ఎలాగండీ?” నేను నోరు తెరిచేలోగానే లాస్య తలెత్తకుండా, “ఇది అంటుకోదు ఆంటీ, ఎలర్జీ,” అంది. పాఠం అప్పజెప్పినట్టు అంది. ఎన్నిసార్లు చెప్పి ఉంటే అంత నున్నగా వస్తుంది ఆ మాట? వడ్డించే ఆయన అటుగా వచ్చి, “బంగారుతల్లీ, అప్పడం వేసుకో,” అని రెండు వేసి వెళ్లాడు.

తిన్నాక స్టేడియం పక్క రోడ్డు మీద ఒకసారి పరిగెత్తి చూడమన్నాను. నాలుగడుగులు వేసిందో లేదో అద్దాలు ముక్కు మీదికి జారాయి. పైకి తోసుకుంది. మళ్లీ జారాయి. పై సందులోంచి ఎండ నేరుగా కళ్లల్లో పడుతోంది. మూడోసారి ఒక చేత్తో అద్దాలు పట్టుకుని పరిగెత్తింది, వంకరగా, ఇంకో చెయ్యి గాల్లో ఊపుకుంటూ. ఆగి, అద్దాలు తీసి, జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చింది. “బాగున్నాయి అమ్మా. పెద్దయ్యాక పెట్టుకుంటాలే,” అంది.

ఏడవలేదు, అలగలేదు. అదే నాకు గట్టిగా తగిలింది. వాళ్లూ వీళ్లూ అంటే పోట్లాడాను గానీ, ఆ మాట పిల్ల నోట్లోంచి వచ్చేలా చేసింది నేనే కదా! దాని చెయ్యి పట్టుకుని గిరుక్కున వెనక్కి తిరిగాను.

కొట్టాయన రసీదు చూపించాడు. “అమ్మిన సరుకు మార్చమండీ. స్పాంజి ముక్క అంటిస్తాను, సర్దుకుంటుంది.”

“సర్దుకోవడానికి అది దిండు గలీబు కాదండీ, పిల్ల కళ్లు. సరిపోయేది ఇచ్చేదాకా నేనిక్కడి నుంచి కదలను.” స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఇద్దరు గిరాకీలు వచ్చి వెళ్లారు. వచ్చిన ప్రతివాళ్లూ నన్నూ, ఆయన్నీ మార్చి మార్చి చూశారు. చివరికి ఆయన నిట్టూర్చి, నిచ్చెన వేసుకుని అటక మీది నుంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె దించాడు. “ఇవి చిన్న సైజులండీ. ఎవరూ కొనరు. వచ్చే ఏడాదికి చాలవంటారు.”

ఒక్కొక్కటే పెట్టి చూశాం. పై అంచు కనుబొమల దాకా మూయాలి, పక్కన సందు ఉండకూడదు, నవ్వితే బుగ్గలకి తగిలి పైకి లేవకూడదు. నాలుగోది అన్నిటికీ ఒప్పింది, వెనక సాగే పట్టీ కూడా ఉంది. రంగు మాత్రం చిలకపచ్చ. లాస్య మొహం చిట్లించింది. “తల ఊపు,” అన్నాను. ఊపింది. “గెంతు.” గెంతింది. “కిందికి చూడు.” చూసింది. దాని మూతి మెల్లగా విచ్చుకుంది. “ఊడట్లేదు!” మళ్లీ మిషన్లో పెట్టించాను, సున్నా. ధర తక్కువే, మూడొందల యాభై తిరిగిచ్చాడు. “మీ పట్టుదలకి దణ్ణమండీ,” అన్నాడు. వెటకారమో మెచ్చుకోలో తెలియలేదు, రెండూ అయ్యుండొచ్చు.

ఐదింటికి సూర్యుడు సరిగ్గా మలుపుకి ఎదురుగా వాలి ఉన్నాడు. కోచ్ గారు ఐదుగుర్ని నిలబెట్టి ఈల వేశారు. నేను కంచె కడ్డీలు పట్టుకుని నిలబడ్డాను. మలుపు వచ్చింది. పచ్చ అద్దాలు సూటిగా ఎండలోకి వెళ్లాయి, గీత దాటకుండా బయటికొచ్చాయి. చేతులు రెండూ ఊగుతున్నాయి, రెండూ! నాలుగోదిగా చేరింది. కోచ్ గారు దాని నెత్తిన చెయ్యి వేసి, “రేపు పొద్దుగాల ఆరింటికి. లేట్ చేస్తే మాత్రం ఊకోను,” అన్నారు. నేను అక్కడే బావురుమన్నాను, సిగ్గేం పడలేదు. లాస్య రొప్పుకుంటూ వచ్చి నా మొహంలోకి తేరిపార చూసింది. “అమ్మా! నీకిన్ని తెల్లవెంట్రుకలు ఉన్నాయా? ఇంట్లో కనపడవే!” ఏడుస్తూనే నవ్వొచ్చింది. మూడు వేసవులుగా నా పిల్ల ఎండలో తలెత్తి నా మొహం చూడనేలేదు.

అద్దాలు రోగం తగ్గించవు, మందు మందే, డాక్టరు డాక్టరే. కానీ తగ్గేదాకా బతకాల్సిన రోజులు కూడా పిల్లవే. మనం బట్టలు కొన్నా, బూట్లు కొన్నా రాబోయే పిల్లకి కొంటాం, ఎదురుగా ఉన్న పిల్ల ఆ వదులులో తడబడుతూ ఉంటుంది. నేను చెప్పే చిట్కా ఒక్కటే. మిషన్లో సున్నా వచ్చిన జతల్లోంచి, మీ పిల్ల గెంతినా జారనిదే తీసుకోండి, రంగు ఎలా ఉన్నా సరే, ఎవరు ఏమన్నా సరే. వచ్చే ఏడు బిగుతైతే మళ్లీ బస్సెక్కుదాం, దానికేం.