ముక్కలవుతుందని తెలిసిన సంఖ్య

ఆ రోజుల్లో మా క్యాంపస్‌లో లెక్కల మీద పరిశోధన చేసేవాళ్లం ఏడవాల్సిన చోట కూడా ఋజువు అడిగేవాళ్లం. (పెళ్లిచూపుల్లోనూ అడిగానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.) ఈ జబ్బు మాకు మా గైడుగారి నుంచి అంటింది. ఆయన్ని వెనకాల ‘ప్రూఫ్ సార్’ అనేవాళ్లం. రాస్తే నాలుగు పేజీలు నిండే ఒక సంఖ్యను ఆయన కుర్రతనంలో పట్టుకున్నారు. అది ప్రధాన సంఖ్యేనని, మా భాషలో ప్రైమ్ అని, అంటే ఒకటీ, తానూ తప్ప మరేదీ దాన్ని భాగించలేదని జీవితమంతా నమ్మారు. కంప్యూటర్ మాట వినేది లేదని భీష్మించిన మనిషి, కేన్సర్ ముదిరి తార్నాకలో ఇంట్లో మంచం పట్టాక, ‘‘నేను పోయేలోపు తేల్చండ్రా’’ అని కబురు పెట్టారు. నేనూ, నా హాస్టల్ రూమ్మేట్ బక్కోడూ ల్యాబ్‌లో కంప్యూటర్ మీద ఆ సంఖ్యకు పరీక్ష నడిపాం. ప్రధాన సంఖ్య కాదని తేలిపోయింది.

మర్నాడు సార్ ఇంటికి వెళ్తే, ఆయన భార్య, మా మేడం, గుమ్మంలోనే ఆపి, ‘‘ఔననే చెప్పండి నాయనా, ఆ ఒక్క సంతోషంతో పోనివ్వండి’’ అన్నారు. సరేనన్నాం. లోపల దుప్పటి కింద మనిషి ఉన్నాడా అన్నట్టున్నారు సార్. ‘‘ప్రైమే సార్’’ అన్నాను. గుంటలు పడ్డ ఆ కళ్లు వెలిగాయి. మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అంతలో సార్ అడిగారు, ‘‘ఋజువేదిరా?’’

(అబద్ధమాడడానికి వెళ్తూ ఋజువు తీసుకెళ్లని గాడిదలం మేమే.) బక్కోడు చెమటలు కక్కుతూ నోటికొచ్చిన ఋజువొకటి మొదలుపెట్టాడు. రెండో లైనులోనే సార్ వేలెత్తారు.

‘‘అదెలా వచ్చింది?’’

‘‘రాలే సార్!’’ అని వాడు బావురుమన్నాడు. ‘‘అది ప్రైమ్ కాదు సార్. టెస్టుల ఫెయిలైంది.’’

‘‘మరి దాన్ని ఏది భాగిస్తుంది?’’

‘‘గది తెల్వది సార్. ముక్కలైతదని తెలుస్తది గానీ, ఏ ముక్కలో టెస్టు చెప్పదు.’’

సార్ మంచం కదిలేలా నవ్వారు. ‘‘మన డాక్టరూ అంతేగా! పోతానంటాడు, ఎప్పుడో చెప్పడు’’ అని మేడంతో అన్నారు. ఎన్నాళ్లకో కాఫీ అడిగారు. రెండు గుక్కలు తాగి, ‘‘ఆ ముక్కలేవో వెతకండ్రా. దొరికితే వచ్చి చెప్పండి’’ అన్నారు. ఆ వారమే పోయారు.

ఇన్నేళ్లయినా అవి దొరకలేదు. హబ్సిగూడలో మా ఇంటి మూల ఒక పాత కంప్యూటర్ ఇంకా వాటిని వెతుకుతూనే ఉంది. మేడం అప్పుడప్పుడు ఫోన్ చేసి, ‘‘దొరికాయా నాయనా?’’ అంటారు. ‘‘ఇంకా లేదమ్మా’’ అంటే, ‘‘పోన్లే, ఆయన పని ఒకటి మిగిలి ఉండనీ’’ అంటారు, ఎంతో తేలికపడ్డట్టు. నాకూ అలాగే ఉంటుంది. దొరక్కూడదని దండం పెట్టుకుంటూ వెతికే లెక్కల మాస్టారు ఇంకెక్కడైనా ఉంటాడా అని నామీద నాకే నవ్వొస్తుంది.