ఖాళీ కుండీకి ఎర్ర చుక్క

"నువ్వు డ్యూటీలో చెత్త ఎత్తడానికి వెళ్తున్నావా, మీ అక్కని ఎత్తడానికి వెళ్తున్నావా?"

డిపో సూపర్‌వైజర్ ఈ ప్రశ్న అడిగినప్పుడు గదిలో నలుగురున్నారు. అడిగిన సూపర్‌వైజర్, చెత్తకుండీలకు సెన్సర్లు బిగించిన ఇంజనీరమ్మాయి, పెద్ద బండి డ్రైవరు, తల వంచుకుని నిలబడ్డ చిన్న బండి డ్రైవరు. బల్ల మీద సాక్ష్యంగా ఒక అట్టముక్క ఉంది. దానికి నాలుగు మూలలా చక్కగా ముడివేసిన దారాలు. మధ్యలో గుండ్రటి అక్షరాలతో "దయచేసి తీయవద్దు" అని రాసి ఉంది.

చిన్న బండి డ్రైవరు, "రెండూ దారిలోనే ఉన్నాయి సార్" అన్నాడు.

"దారిలో లేదు కదయ్యా! అదే కదా గొడవంతా!"

ఇది ఆ చిన్న బండి డ్రైవరు కథ. చెత్త ఎత్తేవాళ్ల గురించి రాసేటప్పుడు మనకొక దురలవాటుంది. వాళ్లకి ఊరి నాడి తెలుసనీ, వాసన చూసి కాలాన్ని చెప్పగలరనీ, చదువుకున్నవాళ్లకి పాఠాలు నేర్పుతారనీ రాసి కళ్లు తుడుచుకుంటాం. ఇతనికి అలాంటివేవీ తెలియవు. గేర్లు తెలుసు, ఇరుకు మలుపులు తెలుసు, ఏ వీధిలో కుక్క టైర్ల వెంట పడుతుందో తెలుసు. జీవితంలో సగం చెత్తబండి స్టీరింగు ముందే గడిచింది. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి, ఎంత పడుకున్నా తీరని నిద్ర, ఇవీ సంపాదన.

అతని అక్క స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది కానీ కాలు మళ్లీ ఆమె మాట వినలేదు. మనిషి భారీ. మంచం మీదే ఉంచితే వీపు పుండ్లు పడుతుందనీ, పగలంతా కుర్చీలో కూర్చోబెట్టాలనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. చెప్పడం తేలిక. ఆమె భర్త వాచీలు బాగుచేసే షాపు నడిపి మూసేసినవాడు. వెంట్రుకవాసి స్ప్రింగుని వణక్కుండా పట్టుకునే చేతులు, కానీ కడుపుకి రెండు ఆపరేషన్లు అయ్యాయి. నీళ్ల బకెట్ కూడా ఎత్తకూడదు. సాయంత్రం ఆమెను మంచం మీదికి చేర్చడానికి పై వాటాలో దంపతులు ఆఫీసుల నుంచి వచ్చాక దిగేవాళ్లు. తెల్లారకుండానే వాళ్లు వెళ్లిపోతారు కనుక, పొద్దుటి పూట దింపే పని తమ్ముడిది. ఆ వీధి అతని రూటులోనే ఉంది. బండి కుండీ దగ్గర ఆపి, తనూ హెల్పరూ మెట్లెక్కేవాళ్లు.

హెల్పర్ని అందరూ పెళ్లికొడుకు అంటారు. యాభై దాటినా, చెత్తబండి ఎక్కేముందు అద్దంలో చూసుకుని తల దువ్వుకుంటాడు.

గుమ్మంలో బావ సబ్బుబిళ్లతో ఎదురొచ్చేవాడు. "ముందు సబ్బు, తర్వాత చుట్టరికం."

మోచేతుల దాకా కడుక్కున్నాక తమ్ముడు భుజాల వైపు, పెళ్లికొడుకు కాళ్ల వైపు.

"ఒరేయ్, చంకల్లో గిచ్చుతున్నావు."

"గిచ్చడం లేదక్కా, పట్టుకుంటున్నా."

"పట్టుకోడానికి గోళ్లెందుకురా?"

"రోజూ ఇన్ని బరువులెత్తుతాను. తిరిగి తిట్టేది మీరొక్కరే అక్కగారూ" అనేవాడు పెళ్లికొడుకు.

ఆమెను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాక బావ టీ ఇచ్చేవాడు. తమ్ముడు గోడకి జారబడి కళ్లు మూసుకునేవాడు. పొద్దున్నుంచి అతను ఇంజను మోత లేకుండా కూర్చున్నది అప్పుడే, మళ్లీ ఇంటికి వెళ్లేదాకా కూర్చోబోయేదీ అంతే. తను అక్క కోసం వెళ్తున్నానని అందరితో అనేవాడు, నిజమే. ఆ గోడ కోసం కూడా వెళ్లేవాడు. అది మాత్రం తనతో తనే అనుకోలేదు.

అప్పుడు సెన్సర్లు వచ్చాయి. ప్రతి కుండీ మూత కింద పిడికిలంత పెట్టె. చెత్త ఎంత ఎత్తుకొచ్చిందో కొలిచి డిపోకి కబురు పంపుతుంది. బండిలో బిగించిన ట్యాబ్‌లో ప్రతి కుండీ ఒక చుక్క. ఖాళీగా ఉంటే పచ్చ, సగమైతే పసుపు, నిండితే ఎరుపు. ఎర్ర చుక్కల్ని కలుపుతూ ట్యాబే దారి గీస్తుంది. డ్రైవరు ఆ దారినే పోవాలి.

ఇది చెడ్డ పనేమీ కాదు. అంతకుముందు సగం కుండీల దగ్గరికి బండి అనవసరంగా వెళ్లేది. వాటిలో అరటితొక్క, రెండు కాగితాలు. అదే సమయానికి కూరగాయల మార్కెట్ కుండీ పొంగి రోడ్డు మీదికి పారేది. సెన్సర్లు వచ్చాక మార్కెట్ శుభ్రపడింది, డీజిల్ మిగిలింది. యంత్రం మనిషి పొట్ట కొట్టిందని గుండెలు బాదుకునే కథ కావాలంటే ఇది కాదు. యంత్రం నిజం చెప్పింది. అక్క వీధిలో ఎనిమిది కాపురాలు, దాదాపు అందరూ ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు. వాళ్ల కుండీ నిండడానికి వారం పట్టేది. ఆ చుక్క పచ్చగానే ఉండేది. అతని కొత్త దారి రైలు పట్టాలకు అవతలి వైపునుంచి పోయింది.

మొదట్లో అతను ట్యాబ్‌ని లెక్కచేయలేదు. పట్టాలు దాటగానే కంట్రోల్ రూమ్ అమ్మాయి ఫోన్ చేసేది.

"అన్నా, దారి తప్పారు."

"తప్పలేదమ్మా, ట్రాఫిక్."

"మీరున్న చోట ట్రాఫిక్ లేదన్నా. నాకు కనిపిస్తోంది."

తర్వాత మెమో వచ్చింది. ఇంకోసారి దారి తప్పితే బండి దింపేస్తామని అందులో ఉంది. అతను వెళ్లడం మానేశాడు. అక్క పగలంతా మంచం మీదే ఉండిపోయింది. కొద్దిరోజులకే నడుము కింద చర్మం కమిలింది. బావ ఫోన్‌లో ఆ మాట చెప్పి, ఏం చేయాలో చెప్పకుండా పెట్టేశాడు.

అతని భార్య ఓ నర్సింగ్ హోములో తుడిచే పని చేస్తుంది. "మనుషుల్ని ఎత్తే మెషీన్లుంటాయి. పట్టీల్లో కూర్చోబెట్టి హ్యాండిల్ తిప్పితే లేస్తారు. మీ బావ ఒక్కడూ తిప్పగలడు" అంది.

"మా అక్కేమన్నా సిమెంటు బస్తానా, క్రేనుతో ఎత్తడానికి?"

"మీరిద్దరూ ఎత్తేటప్పుడు మాత్రం పూలసజ్జలా ఉంటుంది పాపం. ఆవిడ చంకలు చూశారా ఎప్పుడైనా?"

అతను అన్నం కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆ మాట అక్కడితో ఆగింది.

ఉపాయం కనిపెట్టింది బావ. ఒకరోజు మెల్లగా మెట్లు దిగి, కుండీ మూతెత్తి, కంటికి వాచీల భూతద్దం బిగించుకుని సెన్సరు కింద తలపెట్టి చూశాడు. ఆ ఆదివారం బావమరిది వచ్చినప్పుడు తాపీగా చెప్పాడు.

"అది చూసే యంత్రం కాదోయ్ బావమరిదీ, వినే యంత్రం. మనకి వినపడని కూతొకటి పెట్టి, అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కేస్తుంది. కింద ఏముందో దానికి అక్కర్లేదు. ముక్కు ముందు ఏదడ్డమొస్తే అదే లోకమంతా అనుకుంటుంది."

"మా పెద్దత్తలాగ" అంది అక్క మంచం మీంచి.

పాత అట్టపెట్టె కోసి, నాలుగు దారాలు కట్టి, మూత లోపల సెన్సరుకి జానెడు కిందగా వేలాడదీశాడు బావ. ఎవరైనా పీకేస్తారేమోనని, షాపు బోర్డు రాసుకున్న చేత్తోనే దాని మీద రాశాడు కూడా.

"బావా, చేసేది మోసం. దానికి బోర్డు కూడానా?"

"మోసమైతే మాత్రం, మర్యాద మర్యాదే."

పొద్దున టిఫిను వేళ దాటాక బావ అట్ట కట్టేవాడు. కాసేపటికి పట్టాల ఇవతల ఎర్ర చుక్క వెలిగేది. ట్యాబ్ తనే దారి మళ్లించి, "ఎడమకు తిరగండి" అని ఆడగొంతుతో చెప్పేది. కంట్రోల్ రూమ్ అమ్మాయి కూడా "అన్నా, ఆ వీధి నిండింది, వెళ్లండి" అనేది. పెళ్లికొడుకు ఖాళీ కుండీని గంభీరంగా బండికి తగిలించి ఎత్తేవాడు. అందులోంచి రెండు మాత్రల అట్టలు, ఒక టీపొడి సంచి రాలేవి.

"నిండుకుండ తొణకదంటారు. ఇది చూడు, నిండకుండానే ఎలా తొణుకుతోందో" అనేవాడు.

ఆ తర్వాత సబ్బు, చుట్టరికం, చంకలు, టీ, గోడ. బండి వెళ్లాక బావ అట్ట విప్పేసేవాడు. అక్క నడుము కింద చర్మం మామూలు రంగుకి రావడం మొదలైంది.

అతను ఆలోచించని సంగతి ఒకటుంది. సెన్సరు అబద్ధాన్ని కూడా శ్రద్ధగా జమచేస్తుంది. నెల తిరిగేసరికి, ఎనిమిది కాపురాల ఆ వీధి ఊరంతటిలోనూ మనిషికి ఎక్కువ చెత్త వేసే వీధిగా తేలింది. ఆఫీసు నుంచి ఇద్దరు కరపత్రాలు పట్టుకుని వచ్చారు. వస్తువుల్ని పొదుపుగా వాడాలనీ, పారేసే ముందు ఆలోచించాలనీ ఇంటింటికీ చెప్పి వెళ్లారు. పాత బనియన్‌తో కిటికీలు తుడుచుకునే మనుషులకి ఆ ఉపదేశం! వీధిలో తగువులు మొదలయ్యాయి.

"మీ మనవలు వచ్చి వెళ్లారుగా పోయిన నెల. వాళ్ల డైపర్లే అయ్యుంటాయి."

"మా మనవడు కాలేజీలో చదువుతున్నాడమ్మా!"

కింది వాటాలో ఒంటరిగా ఉండే రిటైర్డ్ టీచరమ్మ సిగ్గుపడి, తన ఇంటి చెత్తని చేతిసంచిలో పెట్టుకుని పక్క వీధిలో వేసి రావడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆ సంచి చేత్తో ఆమె బండి పక్కనుంచే నడిచిపోయింది. డ్రైవరు పలకరించలేకపోయాడు. ఆ రోజు టీ వద్దన్నాడు. మర్నాడు తాగాడు. అక్క వీపు అతనికి టీచరమ్మ పరువుకన్నా దగ్గరి చుట్టం.

కరపత్రాలు పనిచేయకపోవడంతో ఆఫీసు ఇంకో అడుగు వేసింది. రోజూ నిండే కుండీకి చిన్న బండి చాలదు. అందులో తప్పు పట్టడానికేముంది? పాత కుండీ తీసి దానికి మూడింతల కుండీ పెట్టారు. ఆ వీధిని చిన్న బండి రూటులోంచి తీసేసి పెద్ద బండికి రాశారు. అతని ట్యాబ్‌లో ఆ చుక్క ఇప్పుడు పచ్చగా కూడా లేదు. అసలు లేదు.

బావకి ఈ సంగతి తలకెక్కలేదు. ఎరుపు చేస్తే బండి వస్తుంది, బండి వస్తే బావమరిది వస్తాడు, ఇంతే అతని లెక్క. కొత్త కుండీలోనూ అట్ట కట్టాడు. బండి వచ్చింది. దిగినవాడు బావమరిది కాదు. పెద్ద బండి డ్రైవరు మూతెత్తి, ఖాళీ కుండీ చూసి, వేలాడే అట్ట మీద రాసింది చదివి, ఆఫీసువాళ్లు పెట్టిందనుకుని ఏమీ ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. తీయవద్దన్న అట్ట తీయడానికి తనెవరు? ఆ పైన బావ దాన్ని విప్పడమే మానేశాడు. ఏదో ఒక పూట బావమరిది వంతు రాకపోతుందా అని. రాత్రీ పగలూ ఎర్ర చుక్క, రోజూ పెద్ద బండి, రోజూ ఖాళీ కుండీ. చివరికి విసుగెత్తి పెద్ద బండి డ్రైవరు డిపోకి వెళ్లి అడిగాడు: "ఆ బోర్డు ఎన్నాళ్లుంచుతారండీ?"

అట్ట ఎవరిదో తెలుసుకోవడం కష్టం కాలేదు. అడగ్గానే బావే ఒప్పుకున్నాడు, దస్తూరీ బాగుందా అని కూడా అడిగాడట. అలా ఆ అట్ట సూపర్‌వైజర్ బల్ల మీదికి చేరింది.

"నాకేం తెలుసు సార్, తీయొద్దని రాసుంది. మన బోర్డులన్నీ అలాగే ఉంటాయిగా" అన్నాడు పెద్ద బండి డ్రైవరు. ఇంజనీరమ్మాయికి నవ్వొచ్చింది, ఆపుకుంది.

"ముందే చెప్పొచ్చు కదండీ?" అంది చిన్న బండి డ్రైవరుతో.

"ఎవరికి చెప్పాలమ్మా?"

"నేనున్నాగా? నాకు చెవుల్లేవా?" అన్నాడు సూపర్‌వైజర్.

"చెప్తే ఒప్పుకునేవారా సార్?"

సూపర్‌వైజర్ నిజాయితీపరుడు. "ఒప్పుకునేవాణ్ని కాదు" అన్నాడు.

తర్వాత ఇంజనీరమ్మాయి నెమ్మదిగా అడిగింది, మనుషుల్ని ఎత్తే మెషీన్లుంటాయి, చూశారా అని. వాళ్ల అమ్మమ్మకి అదే వాడారట. అతను "మా ఇంటావిడ చెప్పింది" అన్నాడు.

వేరే డ్రైవర్లు దొరక్క అతని ఉద్యోగం నిలబడింది. ఖాళీ ట్రిప్పుల డీజిల్ జీతంలోంచి కోసుకుంటామన్నారు. పెళ్లికొడుకుని తిట్టి వదిలేశారు.

మెషీను భార్యే చూసొచ్చింది. తన నర్సింగ్ హోముకి సామాన్లిచ్చే షాపులో, ఒకరు వాడి తిరిగిచ్చింది, వాయిదాల మీద. హామీ సంతకం అతను పెట్టాడు. అది వచ్చిన రోజు బావ దాని పళ్లచక్రం విప్పి, తుడిచి, చుక్క నూనె వేసి, షాపు మూసినప్పటి నుంచి ఎవరూ చూడని ముఖంతో హ్యాండిల్ తిప్పాడు. అక్క పట్టీల్లో మెల్లగా లేచి, గాల్లో కాస్త ఊగి, కుర్చీలో దిగింది.

తమ్ముడు చేతులు చాచి పక్కనే నిలబడ్డాడు. ఆ చేతులతో ఎవరికీ అవసరం పడలేదు.

"ఎలా ఉందక్కా?"

"నీకన్నా నయంరా. గిచ్చదు, వాదించదు."

"రేపు రానా?"

"రేపు నీకు డ్యూటీ కదరా. ఎందుకు, మళ్లీ మెమో తెచ్చుకోడానికా? సెలవు రోజున రా, తీరిగ్గా కూర్చుందువు."

అతను సరేనన్నాడు. సెలవు రోజున బట్టలుతుక్కోవాలి, బండి మోతకి దిబ్బడేసిన చెవులతో పడుకోవాలి. రెండు నెలల్లో ఒకసారే వెళ్లాడు. అక్క వీపు నున్నగా ఉంది. టీచరమ్మ మళ్లీ వీధి కుండీలోనే చెత్త వేస్తోంది.

ఇప్పుడు మధ్యాహ్నం ట్యాబ్ ఎక్కడ విరామం చూపిస్తే అక్కడే బండి ఆపుతాడు. స్టీరింగు మీద తల ఆనిస్తాడు. పెళ్లికొడుకు అద్దం తనవైపు తిప్పుకుని దువ్వుకుంటాడు. విరామం దాటిపోతే ఫోన్ మోగుతుంది.

"అన్నా, ఆగిపోయారు."

"ఆగలేదమ్మా, కూర్చున్నా."

డీజిల్ డబ్బు జీతంలోంచి పూర్తిగా కోసుకున్నారు. మెషీను వాయిదాలు ఇంకా పద్నాలుగు కట్టాలి.