చూడకుండా పెట్టిన సంతకాలు

ఆ రోజు కుడి తొడలో సూది దిగలేదు. స్టాఫ్ బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని నాకు నేనే ఇంజెక్షన్ వేసుకుంటున్నాను. చర్మం చెక్కలా గట్టిపడిపోయి సూది వంగింది. ఆ రోజే భయపడాల్సింది. నేను చేసిందల్లా ఎడమ తొడకు మారడం.

నేను మేల్ నర్సుని. ఆస్పత్రిలో అందరూ బ్రదర్ అంటారు. మాది ఛత్రినాక, ఇంట్లో పాల వ్యాపారం. పాతబస్తీలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, ఆపరేషన్ అయినవాళ్లను ఉంచే రికవరీ రూమ్‌లో నా పని.

అంతకు రెండేళ్ల ముందు ఒక బరువైన పేషెంటును స్ట్రెచర్ మీదికి మారుస్తుంటే నడుం పట్టేసింది. మా ఆస్పత్రివాళ్లం ఎవరమూ ఓపీ చీటీ తీసుకోం, కారిడార్‌లోనే వైద్యం. డాక్టరు నడుస్తూనే, "పెంటాజొసిన్ నొప్పి ఇంజెక్షన్ ఒకటి తీస్కో బ్రదర్, రెండ్రోజుల్ల సెట్ అయితది" అన్నారు. నడుం నిజంగానే సర్దుకుంది. కానీ ఆ మత్తు నాకు నచ్చింది. నొప్పి ఇంకా ఉందని నాకు నేనే అబద్ధం చెప్పుకున్నాను.

ఆ మందు పేషెంటుకు సగం ఆంప్యూల్, అంటే సగం సీసా చాలితే, మిగతా సగం సింకులో పారబోసి రిజిస్టర్‌లో ఇద్దరు సంతకం పెట్టాలి. రెండో సంతకం నాతో పనిచేసే నర్సు షాహీన్‌ది. నాకంటే ఆరేళ్లు చిన్న. ఐవీ పెట్టడం ఆమెకు నేర్పింది నేనే. పారబోసేటప్పుడు వచ్చి నిలబడే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి, డ్యూటీ ఎక్కగానే నాలుగు ఖాళీ లైన్లలో ముందే సంతకం పెట్టి పోయేది. "నువ్వున్నవ్ గద అన్నా, నాకేం ఫికర్!" అనేది. సిగ్గుపడాల్సింది పోయి, హమ్మయ్య అనుకున్నాను. సింకులో పడాల్సిన సగం నా తొడలోకి పోయేది.

కొన్నాళ్లకు మిగిలింది చాల్లేదు. పేషెంటు వాటాలోంచి తీశాను. తుంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దామె, "సూది ఇచ్చినవ్ గని నొప్పి పోతలేదు బేటా" అని నా చెయ్యి పట్టుకుంది. "జర ఓపిక పట్టమ్మా" అన్నాను. ఆమె మందు అప్పటికే నా ఒంట్లో ఉంది. ఇది రాయడానికి నాకు అసహ్యంగా ఉంది.

తర్వాత తొడ మీద పుండు లేచింది. నా ప్యాంటుకు అంటిన చీము చూసి నా భార్య సుజాత ఏడ్చింది. షుగర్ పుండని బుకాయించి, ఆస్పత్రిలోనూ అదే చెప్పి సెలవు పెట్టాను. సుజాత ఊరుకోలేదు, వేరేచోట ఒక సర్జన్ దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన రిపోర్టు చూసి, "హెచ్‌బీఏ1సీ నార్మల్, మీకు షుగర్ లేదు. రెండు తొడలూ చూపించండి" అన్నారు. చూశాక గొంతు తగ్గించి, "ఎన్నాళ్ల నుంచి తీసుకుంటున్నారు?" అని అడిగారు. సుజాత నా మొహం వంకే చూస్తోంది.

డీఅడిక్షన్ వార్డులో చేరాను. మత్తు ఆపేశాక వచ్చే బాధ, విత్‌డ్రాయల్ అంటే ఏమిటో చదివాను, చూశాను. నా ఎముకల్లోకి వచ్చాక గానీ తెలియలేదు. నాలుగో రోజు డాక్టర్లు వద్దన్నా సంతకం పెట్టి ఇంటికొచ్చేశాను. గుమ్మంలోంచే సుజాత నన్ను మళ్లీ ఆటో ఎక్కించింది.

అక్కడుండగానే తెలిసింది, ఆ మందు వాడకం లెక్కకు మించి ఉందని మా ఆస్పత్రిలో పట్టుకున్నారని. రిజిస్టర్ తీస్తే, ఇంకా ఏమీ రాయని లైన్లలోనూ షాహీన్ సంతకాలున్నాయి. దొంగ ఆమేనని సస్పెండ్ చేశారు. నన్నెవరూ అనుమానించలేదు. సుజాత భయపడింది. "నోరు మూస్కొని ఉండు. నౌకరి పోతే ఎట్ల బతుకుతం?" అంది. పదకొండు రోజులు నోరు మూసుకున్నాను.

పన్నెండో రోజు షాహీన్ ఫోన్ చేసింది. ముందు నా పుండు ఎలా ఉందని అడిగింది.

"నేను ముట్టలే అన్నా. నువ్వన్న నమ్ముతవ్ గద? పొద్దున అమ్మీ నా చేతులు తిప్పి తిప్పి చూసింది, సూది గుర్తులున్నయేమో అని."

ఫోన్ పెట్టేశాను. కౌన్సెలర్‌ను కాగితం అడిగి, అంతా రాసి ఆస్పత్రికి పంపాను.

నా ఉద్యోగం పోయింది. రిజిస్ట్రేషన్ మీద విచారణ నడుస్తోంది. చూడకుండా సంతకాలు పెట్టినందుకు మెమో ఇచ్చి, షాహీన్‌ను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. తొడకు స్కిన్ గ్రాఫ్ట్ వేశారు, కింద కూర్చోలేను. మత్తు ఎక్కనివ్వని నాల్ట్రెక్సోన్ మాత్ర రోజూ సుజాత ఎదురుగా మింగుతాను. చాంద్రాయణగుట్టలో ఒక ఫిజియోథెరపీ సెంటర్‌లో పని చేస్తున్నాను, అక్కడ మందుల బీరువా లేదు. మొన్న పత్తర్‌గట్టిలో షాహీన్ ఎదురుపడింది. నన్ను చూసి పక్క షాపులోకి వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టే మొహం నాకు లేదు.

నర్సులకు ఒక్క మాట. మందు సింకులో పడటం కళ్లారా చూడందే సంతకం పెట్టకండి, మీకు పని నేర్పిన మనిషైనా సరే. మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనివ్వండి. "ఏది అన్నా, చూపియ్" అని షాహీన్ ఒక్కసారి అడిగి ఉంటే, నా మీదే అనుమానమా అని నలుగురిలో అరిచేవాణ్ణి. నెల రోజులు ఆమెతో మాట్లాడేవాణ్ణి కాదు. కానీ దొరికిపోయేవాణ్ణి.